కుసుమకుమారి చేవ్రాలు

“గునపం కింద పెట్టరా రాజా! ముందది కింద పెట్టు!”

కుసుమకుమారి కొడుక్కి అడ్డంగా వాకిట్లో నిలబడింది. రాజకుమార్ ఆగేలా లేడు. నలభై మూడేళ్ళవాడు, ఉల్లిపాయల బస్తాని ఒంటిచేత్తో లేపేవాడు. తల్లిని మాత్రం పక్కకి నెట్టలేక గునపాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

“ఆ రాయి ఉండకూడదమ్మా. ఇవాళ దాన్ని ముక్కలు చేసి పంటబోదెలో పడేసొస్తాను.”

“రాయి పగలగొడితే పోలీసులొస్తారు. రాసినది మాత్రం పోదు. ఆగు నాన్నా, నా మాట విను.”

రాయంటే రోడ్డు మలుపులో ఉన్న శిలాఫలకం. ఇరవై రెండేళ్ళ కిందట రోడ్డు వేసినప్పుడు పాతారు. ‘స్థలదాతలు: శ్రీ నాగభూషణరావు, శ్రీమతి కుసుమకుమారి దంపతులు’ అని నల్లరాతి మీద తెల్లక్షరాలు. నిజం చెప్పొద్దూ, ఆ రాయంటే ఆమెకి ఇష్టం. రాతి మీద పేరు పడిన ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవరున్నారు గనక! ఉంగుటూరు వెళ్ళే ఆటో ఎక్కిన ప్రతిసారీ మలుపు దగ్గర తల తిప్పి చూసుకునేది. దాత అంటే గౌరవానికి రాశారనుకుంది. డబ్బులు ఎలాగూ ఇస్తామన్నారు కదా!

ఇప్పుడా రాయే ఇంటిమీదికొచ్చింది.

ఇంటిమీదికి అంటే మాటవరసకి కాదు. వారం కిందట సర్వేవాళ్ళు ఎర్రరంగు డబ్బా పట్టుకొచ్చి, కొట్టు గోడ మీంచి, వసారా మీంచి, వంటింటి కిటికీ దాకా గీత గీసి పోయారు. కొల్లేరు చెరువుల నుంచి వచ్చే చేపల లారీలకి రోడ్డు చాలడం లేదట, వెడల్పు చేస్తారట. గీతకి ముందున్న కొట్టూ, వసారా, రెండు గదులూ ఇక రోడ్డువి. గీతకి వెనక మిగిలేది వంటిల్లు, నుయ్యి, సన్నజాజి పందిరి. సోమవారం దాకా ముట్టుకోవద్దని ఏలూరు కోర్టు ఆర్డరిచ్చింది కాబట్టి ఇల్లింకా ఇల్లులా ఉంది. ఇవాళ శుక్రవారం.

ఈ నేల కుసుమకుమారిది. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన యాభై మూడు సెంట్లు. నలభై రెండు సెంట్లు అప్పట్లోనే రోడ్డు కింద పోయాయి. నోటీసు ఇవ్వలేదు, ధర కట్టి అవార్డు ఇవ్వలేదు, పరిహారమన్న మాటే లేదు. గొలుసు పట్టుకుని కొలిచారు, కంకర పోశారు, తారు పోశారు. మిగిలిన పదకొండు సెంట్లలోనే ఈ ఇల్లూ, ఈ కిరాణా కొట్టూ. తాడేపల్లిగూడెంలో, ఏలూరులో ఆఫీసుల మెట్లు ఎక్కీ దిగీ ఏళ్ళు గడిచాక, పోయినేడాది దావా వేశారు. దానికి సర్కారువాళ్ళ జవాబు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. రాయి మీద పేర్లు చూపించి, ఆ నేల వీళ్ళు దానంగా ఇచ్చిందేనన్నారు అందులో. ఆ కట్టలోంచి పడిందే ఈ గొడవంతా.

కోడలు శ్రీలేఖ ఆ కాగితాలు పట్టుకుని వసారాలోకి వచ్చింది. డిగ్రీ చదువుకున్న పిల్ల. ఇంట్లో కోర్టు కాగితాలు చదివేది ఆవిడే.

“ఏవండీ, రాయి సంగతి తర్వాత. ఇది చూశారా? సమ్మతి పత్రమట.”

“చదువు,” అన్నాడు రాజకుమార్, గునపం మీద బరువు మోపి.

“‘నా స్వాధీనంలో ఉన్న భూమిని రోడ్డు నిమిత్తం, ఇప్పుడుగానీ ఇకముందుగానీ, ఎంత అవసరమైతే అంత, ఎట్టి పరిహారమూ కోరకుండా, నా ఇష్టపూర్వకముగా...’ కింద అత్తయ్యగారి సంతకం ఉంది.”

“ఇకముందుగానీ ఏంటి! అంటే ఇల్లు కూడానా?”

“అలాగే రాసుందండీ. ‘ఎంత అవసరమైతే అంత’ అని.”

రాజకుమార్ తల్లివైపు చూశాడు. ఆ చూపుకి ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

“అమ్మా! పెట్టావా నువ్వు?”

“అత్తయ్యగారూ, కంగారుపడకండి. ఒక్కసారి సరిగ్గా చూడండి. ఇది మీ సంతకమేనా?”

కుసుమకుమారి కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకుంది. తన పేరే. చక్కగా, గట్టిగా, ఎక్కడా వణుకు లేకుండా ఉంది. పేరు కింద కుడివైపుకి ఈడ్చిన గీత, గీత చివర రెండు చుక్కలు. ఆ గీతని ఆమె నలభై అయిదేళ్ళుగా చూస్తోంది. కొట్లో ప్రతి బిల్లు చివరా, మొత్తం వేశాక, ఆ గీతే పడుతుంది.

ఆమె తలెత్తి కొట్లోకి చూసింది. నాగభూషణరావు గల్లాపెట్టె పక్కన కూర్చుని అరకిలో కందిపప్పు పొట్లాలు కడుతున్నాడు. కవరు నిండిపోయింది. ఆయన ఇంకా పోస్తూనే ఉన్నాడు. పప్పు బల్లమీదికి, బల్లమీంచి నేలమీదికి జారిపోతోంది.

“నాది కాదు,” అంది కుసుమకుమారి.

గునపం ఠంగుమని నేలమీద పడింది.

“అదీ! అలా చెప్పమ్మా!” రాజకుమార్ మొహం వెలిగిపోయింది. “దొంగ సంతకం! ఆఫీసువాళ్ళే పెట్టేసుకున్నారు! నాన్నగారూ, విన్నారా? అమ్మ పెట్టలేదట!”

“విన్నాను,” అన్నాడు నాగభూషణరావు. కిందపడ్డ పప్పు ఏరడానికి వంగాడు. చాలాసేపటిదాకా లేవలేదు.

రాజకుమార్ అప్పటికే లాయరుగారికి ఫోను కలిపేశాడు. స్పీకరులోంచి జ్ఞానప్రసూనాంబగారి గొంతు గణగణా మోగింది. “దొంగ సంతకమైతే కేసు మన చేతిలో ఉన్నట్టే. రేపు పొద్దున్న అమ్మగారిని తీసుకురండి. ఈసారి నా కళ్ళెదుట సంతకం చెయ్యాలి. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో కూర్చోబెడితే కుదరదు, చెప్తున్నా.”

మోకాళ్ళ నొప్పులా? కుసుమకుమారి బిత్తరపోయింది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు లేవు.

“నేను తీసుకెళ్తాన్లే,” అన్నాడు నాగభూషణరావు బల్లకింద నుంచి. “సర్వేవాళ్ళు మళ్ళీ వస్తారేమో, నువ్వు కొట్లో ఉండు రాజా.”

*

శనివారం ఎనిమిది గంటల ఏలూరు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన చోటు దొరికింది. కైకరం దాటేదాకా కుసుమకుమారి కిటికీలోంచి బయటికే చూసింది.

“మీరే పెట్టారు కదూ?”

ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. భీమడోలు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, కండక్టరు టిక్కెట్లు కొట్టి వెళ్ళిపోయాడు.

“అడిగేది మిమ్మల్నేనండీ.”

“ఊఁ. నేనే.”

తెలిసిన సంగతే. అయినా ఆయన నోటితో వినేసరికి ఆమె ఆయనవైపు తిరిగి కూర్చుంది.

“ఎందుకు?”

“అప్పట్లో ఆ రోడ్డు ఇంజనీరు కొట్లోకొచ్చి కూర్చున్నాడు కుసుమా. వానలు పడేలోగా పని మొదలెట్టాలి, ఫైల్లో ఈ కాయితం ఉండాలి, డబ్బు దానంతటదే వస్తుందన్నాడు. పట్టా ఎవరి పేర ఉంటే వాళ్ళ సంతకం కావాలన్నాడు. నువ్వు మీ అమ్మని తీసుకుని ద్వారకా తిరుమల వెళ్ళావు ఆ రోజు.”

“సాయంత్రానికి వచ్చేశానుగా! సాయంత్రందాకా ఆగలేకపోయారా?”

“ఎందుకాగాలి? ఎప్పుడైనా ఆగానా?” ఆయన గొంతు లేచింది. పక్క సీట్లోవాళ్ళు చూసేసరికి మళ్ళీ తగ్గింది. “గ్యాసు కనెక్షనుకి నేనే పెట్టాను. బ్యాంకులో నీ ఖాతాకి నేనే పెట్టాను. రాజా బడిలో ప్రోగ్రెస్ కార్డుల మీద నీ సంతకం కూడా నేనే. ఏ రోజైనా కాదన్నావా నువ్వు?”

కాదనలేదు. అదే వచ్చిన చిక్కు. కాపరానికి వచ్చిన కొత్తల్లో రేషను కార్డు కాగితం వస్తే కలం కోసం లేచింది. “నీకెందుకు శ్రమ, నేను పడేస్తాలే” అన్నాడు ఆయన, పడేశాడు. ఇరవై ఏళ్ళ పిల్ల, అది ప్రేమనుకుని మురిసిపోయింది. తర్వాత అలవాటైంది. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి కొట్టుకి కావలసిన సరుకుల చీటీ రాసేది, పండగ పిండివంటలకి కొలతలు రాసుకునేది. తన పేరు మాత్రం రాసుకునే అవసరమే రాలేదు. మనవరాలు వైష్ణవి మొన్నామధ్య బడి కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, “తాతయ్యతో పెట్టించుకో అమ్మలూ” అని ఈమే పంపింది.

“ఏం రాసుందో చదివారా?”

“లేదు.”

“చదవలేదా!”

“వేలు పెట్టి చూపించాడు. అక్కడ పెట్టాను.”

తొమ్మిది సరుకుల బిల్లుని మూడుసార్లు కూడి, నాలుగోసారి పైకి చదివి వినిపించే మనిషి! అర్ధరూపాయి తేడా వస్తే గిరాకీని వెనక్కి పిలిచే మనిషి! కుసుమకుమారికి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రోడ్డు ప్రారంభానికి నన్ను కొత్త చీర కట్టుకోమన్నారు. వేదికెక్కించారు. ప్రారంభించడానికొచ్చిన పెద్దమనిషి పళ్ళెంలో తాంబూలం పెట్టి ఇస్తే, డబ్బుకి మాట ఇస్తున్నాడనుకుని కళ్ళకద్దుకుని తీసుకున్నానండీ. ఆ ఫోటో కూడా కోర్టులో పెట్టారట. శ్రీలేఖ చెప్పింది.”

“నేనూ మాటే అనుకున్నాను. మన వ్యాపారాల్లో తాంబూలం పుచ్చుకున్నాక కాయితం ఎవడడిగాడు?”

“ఇప్పుడు వాళ్ళడుగుతున్నారు.”

గుండుగొలను దగ్గర ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ వయసులో, బస్సులో, నలుగురి ముందు.

“రాజాకి చెప్పకు కుసుమా. ఇల్లు పోతే పోయింది. వాడు నన్ను ఆ చూపు చూస్తే నేను బతకలేను.”

ఆమె చెయ్యి లాక్కోలేదు. ‘ఇల్లు పోతే పోయింది’ అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. ఎవరిల్లు? ఎవరి నేల?

*

పవర్‌పేటలో జ్ఞానప్రసూనాంబగారి ఆఫీసు మేడమీద. కుసుమకుమారి ఇరవై రెండు మెట్లూ గబగబా ఎక్కేసింది. మెట్ల పైన నిలబడ్డ లాయరుగారు ఆమె మోకాళ్ళవైపు వింతగా చూసి, లోపలికి రమ్మన్నారు.

అరవై దాటిన మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, టేబుల్ నిండా ఫైళ్ళతో, పేపర్‌వెయిట్ బదులు రోలులో నూరే చిన్న పొత్రం పెట్టుకుని కూర్చున్నారు.

“రండమ్మా, మిమ్మల్ని చూడ్డం ఇదే మొదలు. ఏడాదిగా మీ కేసు నడుపుతున్నాను, ఏం లాభం! సరే, పని చూద్దాం.” తెల్లకాగితం ముందుకు తోశారు. “మీరు మామూలుగా ఎలా పెడతారో అలా ఓ పది సంతకాలు పెట్టండి. దొంగ సంతకం పక్కన పెడితే తేడా పసిపిల్లాడికి కూడా తెలియాలి.”

కుసుమకుమారి కలం అందుకుంది. మామూలుగా! ఆమె ఒక్కో అక్షరమే రాసింది. గుండ్రంగా, బళ్ళో పలక మీద దిద్దినట్టు. ఒకటి రాసేసరికి నుదుట చెమట పట్టింది. మూడోది మొదటిదాని కంటే పెద్దదిగా వచ్చింది.

“చాలు,” అన్నారు లాయరుగారు.

ఆవిడ సమ్మతి పత్రం తీసి పక్కన పెట్టారు. తృప్తిగా తలూపారు. తర్వాత తమ ఫైల్లోంచి దావా కాగితం తీశారు. కుసుమకుమారి పేరున, కుసుమకుమారి వేసిన దావా. దాన్ని కూడా పక్కన పెట్టి, వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

రెండు కాగితాలూ నాగభూషణరావువైపు తిప్పి పెట్టారు.

“నాగభూషణరావుగారూ,” అన్నారు చివరికి. “మన దావా మీద ఉన్న సంతకం, వాళ్ళ పత్రం మీద ఉన్న సంతకం ఒకే చెయ్యి. ఈ అమ్మగారి చెయ్యి రెంటి మీదా లేదు.”

ఆయన తల దించుకున్నాడు.

“మా ఆవిడకి మోకాళ్ళు పనిచెయ్యవు, మెట్లెక్కలేదు, ఇంటికి పట్టుకెళ్ళి పెట్టించుకొస్తానన్నారు మీరు. నమ్మి పంపించాను. నాది బుద్ధితక్కువ. మీదేంటండీ మరి?”

“ఆవిణ్ణి కోర్టుల చుట్టూ తిప్పడం ఎందుకని...”

“ఆవిడ భూమి కోసం ఆవిణ్ణి తిప్పకుండా ఎవర్ని తిప్పుతారండీ?”

కుసుమకుమారి మధ్యలో వచ్చింది. “అయితే కేసు పోయినట్టేనా అమ్మా? ఇల్లు కొట్టేస్తారా?”

జ్ఞానప్రసూనాంబ గొంతు తగ్గించారు. “దావా మీద సంతకం తప్పు దిద్దుకోవచ్చమ్మా. జడ్జిగారి ముందు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, మీరు మళ్ళీ పెట్టొచ్చు. నా బెంగ అది కాదు. సోమవారం మీరు బోనెక్కాక సర్కారు తరఫు లాయరు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. మీ పేరు మీ ఆయన పెట్టేది మీరు ఒప్పుకున్నాకా, మీకు తెలియకుండానా?”

“అంటే?”

“ఒప్పుకున్నాకే అన్నారనుకోండి, సమ్మతి పత్రం మీరు పెట్టినట్టే లెక్క. రోడ్డు కింద పోయినదానికి పైసా రాదు, మంగళవారం పొద్దున్నే ఇల్లు కూడా పోతుంది. నాకు తెలియకుండా అన్నారనుకోండి, ఆ పత్రం చెల్లదు. భూమి మీదే. ఇన్నేళ్ళు ఆలస్యమైనా సరే, పరిహారం ఇవ్వకుండా ఇంకో అంగుళం ముట్టుకోలేరు.”

“మరింకేం? అలాగే చెప్తాను.”

“ఆగండమ్మా. అలా చెప్తే ఈయన ఇంకొకరి సంతకం దొంగతనంగా పెట్టినట్టు. తప్పుడు కాగితం ఇచ్చాడని వాళ్ళే ఈయన మీద కేసు పెడతారు. డెబ్బై రెండేళ్ళ మనిషి కదా అని వదిలేస్తారని నేను మాట ఇవ్వలేను.”

కుసుమకుమారి పక్కకి చూడలేకపోయింది.

ఏది నిజం? ఆయన ఏనాడూ అడగలేదు. ఆమె ఏనాడూ కాదనలేదు. ఇంట్లో అయితే రెండూ నిజమే, రెండూ ఒకే కంచంలో తిన్నాయి. బోనులో మాత్రం ఒక్కటే చెప్పాలట.

సంచిలో ఫోను మోగింది. రాజకుమార్.

“అమ్మా, జేసీబీ తెచ్చి మన కొట్టు ఎదురుగా పెట్టారే. ఇదేంటని అడిగితే, సోమవారం దాకా ముట్టుకోంలే, ఊరికే పెట్టుకున్నాం అంటున్నారు. వైష్ణవి భయపడి ఏడుస్తోంది. శ్రీలేఖ అప్పుడే బీరువా ఖాళీ చేస్తానంటోంది.” వెనక పిల్ల ఏడుపు వినిపించింది. “సంతకం అయిపోయిందా? దొంగ సంతకమని తేలిందా?”

“తేలిందిరా,” అంది ఆమె.

“ఎవడు పెట్టాడో తెలిసిందా? వాణ్ణి మాత్రం నేను వదలను.”

“ఇంటికొచ్చాక మాట్లాడదాం నాన్నా.” ఫోను పెట్టేసింది.

నాగభూషణరావు గొంతు సవరించుకున్నాడు. “చూడండి లాయరుగారూ, ఆవిడకి ఇవన్నీ తెలీవు. ఏం రాయాలో నేను చెప్తాను, రాసుకోండి. ఆ పత్రం సంగతి ఆవిడకి...”

“మీరు ఊరుకోండి.”

ఆమె గట్టిగా అనలేదు. అయినా ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది. నలభై అయిదేళ్ళ కాపరంలో ఆ మాట ఆ వైపు నుంచి వినడం ఆయనకి అదే మొదటిసారి.

“నా మాట నేను చెప్తాను. రాయండమ్మా. నన్ను అడగలేదని రాయండి. ఆ కాయితం నాకు చూపించలేదని రాయండి. నాకు తెలియదని రాయండి.”

“ఆలోచించుకునే చెప్తున్నారా?”

“బస్సులో ఆలోచించానమ్మా. ఈ నేల మా నాన్న నాకిచ్చాడు. ఒకసారి నాకు తెలియకుండా పోయింది. తెలిసి తెలిసి రెండోసారి పోనివ్వలేను. నా మనవరాలు ఎక్కడ పడుకుంటుంది?”

లాయరుగారు కంప్యూటరు ముందుకు జరిగి, రెండు వేళ్ళతో మెల్లగా కొట్టుకుంటూ పోయారు. ఒక్కో వాక్యం పైకి చదివి వినిపించారు. ‘నా భర్త నాగభూషణరావు నా అనుమతి లేకుండా’ అన్నచోట కుసుమకుమారి కళ్ళు మూసుకుంది. నాగభూషణరావు ప్రతి వాక్యానికీ తలూపుతున్నాడు, బిల్లు సరిచూసుకుంటున్నట్టు.

ప్రింటు తీసిన కాగితం ఆమె ముందుకొచ్చింది.

“పూర్తి పేరు పెట్టండమ్మా. ఇక నుంచి ఇదే మీ సంతకం.”

ఫ్యాను గాలికి కాగితం లేచిపోతోంది. పొత్రం ఫైళ్ళ మీద ఉంది, అందలేదు. నాగభూషణరావు చెయ్యి చాపి కాగితం మూలని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. అదే చెయ్యి. వేళ్ళ సందుల్లో, పొద్దున్న కొట్లో కట్టిన పొట్లాల కందిపప్పు పొడి ఇంకా పచ్చగా ఉంది.

“పెట్టు కుసుమా,” అన్నాడు మెల్లగా. “ఏం కాదులే. నేను పట్టుకున్నానుగా.”

ఆమె వంగి రాయడం మొదలుపెట్టింది. గుండ్రంగా, ఒక్కో అక్షరమే. ‘కుసుమ’ దాకా వచ్చేసరికి కాగితం మీద ఆయన చెయ్యి గజగజ వణకడం కలంలోకి తెలిసింది.

కలం ఆగిపోయింది.

“ఇంకా సగం ఉందమ్మా,” అన్నారు జ్ఞానప్రసూనాంబ.

కుసుమకుమారి కలం ఎత్తలేదు. ముందుకీ కదపలేదు.